రంగుల బీరువాకు తాళం ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు, డ్రాయింగు మాస్టారి జవాబులు

బడులు తెరిచిన నెల కావడంతో ఈసారి ఉత్తరాలన్నీ చిన్న తరగతుల పిల్లల రంగులు, కాగితాల చుట్టూనే తిరిగాయి. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పెద్దవాళ్ల తైలవర్ణ చిత్రాల గురించి అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, నేను అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు చూస్తున్నాను. 42 మంది పిల్లలు. మా బడిలో చదువుకున్న కొందరు బొమ్మల సామగ్రి కోసం 8 వేల రూపాయలు ఇస్తామన్నారు. ఏవి కొనాలి, ఎంతెంత కొనాలి? ఇంకో సంగతి. పోయినేడు ఒక దాత ఇచ్చిన 20 క్రేయాన్ పెట్టెలు బీరువాలో అలాగే ఉన్నాయి. పిల్లల చేతికిస్తే వారంలో విరిచేస్తారని మా పెద్ద టీచరు గారి భయం.
– ఒక ఉపాధ్యాయిని, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: టీచరు గారూ, కొత్తవి కొనే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 20 పెట్టెలు బయటికి తీయించండి. క్రేయాన్ విరగక మానదు. ఐదేళ్ల పిల్లవాడి చేతిలో రెండో రోజుకే రెండు ముక్కలవుతుంది, ఆ రెండు ముక్కలూ నిక్షేపంగా గీస్తాయి. చిన్న చేతికి పొట్టి ముక్కే మేలు కూడా. పొడుగు క్రేయాన్‌ను పిడికిలి బిగించి పట్టుకునే పిల్లలు, అంగుళం ముక్క ఇస్తే మూడు వేళ్లతోనే పట్టుకుంటారు, పిడికిలికి అందులో చోటుండదు. పలక మీద అరిగిపోయిన బలపంతో అక్షరాలు దిద్దిన తరం వాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. క్రేయాన్‌కు చుట్టిన కాగితం కూడా ఊడదీయించండి. ముక్కను అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే ఆకాశమంతా ఒక్క నిమిషంలో నిండుతుంది.

నేను ఏ బడికి వెళ్లినా గోడ మీది బొమ్మల కంటే ముందు బీరువాలో మిగిలిన సరుకు చూస్తాను. సంవత్సరాంతానికి రంగుల పెట్టెలు నిండుగా ఉన్నాయంటే అక్కడ పిల్లలు బొమ్మలు వేయలేదనే అర్థం. రిజిస్టరులో ఎక్కిన వస్తువు అరిగిపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలన్న భయం మన బడుల్లో పాతదే. సుద్దముక్కలు అయిపోతే మాత్రం ఎవరూ సంజాయిషీ అడగరు, ఇంకో డబ్బా తెప్పిస్తారు. పెద్ద టీచరు గారికి ఈ మాట చెప్పి, రంగులను కూడా సుద్దముక్కల పద్దు కిందే రాయించండి. బల్లలు, కుర్చీలు, గోడ గడియారం ఉన్న పద్దులో క్రేయాన్ పెట్టెను రాస్తే ఇక దానికి తాళం తప్పదు.

ఇక 8 వేల రూపాయలు. అందులో సగం కాగితానికి పెట్టండి. దాతలకు ఈ మాట రుచించదు. కాగితం కట్టలతో ఫోటో దిగితే అందంగా ఉండదు, రంగుల పెట్టెలతో దిగితే ఉంటుంది. కానీ లెక్క చూడండి. వారానికి ఒక్కసారి, తలకొక కాగితం చొప్పున 42 మందికి 35 వారాలకు 1,470 కాగితాలు కావాలి. రీముకు 500 కాబట్టి దాదాపు మూడు రీములు. అయితే ఏ పిల్లవాడూ ఒక్క కాగితంతో ఆగడు. మొదటిది చేయి ఆడించుకోవడానికే సరిపోతుంది, అసలు బొమ్మ రెండో కాగితం మీద వస్తుంది. రెండోది అడగడానికి పిల్లవాడు జంకే పరిస్థితి ఉంటే మొదటి దాని మీద కూడా భయపడుతూనే గీస్తాడు. అందుకని ఆరు రీములు తీసుకోండి. క్రేయాన్‌కు మామూలు 75 జీఎస్‌ఎం జెరాక్సు కాగితం చాలు. నీటి రంగులకు అది పనికిరాదు, తడికి ఉబ్బి చిరుగుతుంది. వాటికోసం మందపాటి డ్రాయింగు షీట్లు కొని నాలుగేసి ముక్కలు చేయించండి. వన్‌టౌన్ హోల్‌సేలు దుకాణాల్లో బేరమాడితే అక్కడే కోసి ఇస్తారు.

ఉచితంగా దొరికే కాగితమూ ఉంది. తెలుగు పుస్తకాల అచ్చుకు మన ఊరు పెట్టింది పేరు. ఏ ప్రెస్సుకు వెళ్లినా పుస్తకాల అంచులు కోయగా మిగిలిన కాగితపు ముక్కలు మూటలుగా పడి ఉంటాయి. నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ మీద రైలుబండి గీయమంటే పిల్లలు పెట్టె మీద పెట్టె తగిలిస్తూ గది చివరి దాకా పోతారు. పాత క్యాలెండరు వెనకవైపు, పెళ్లి శుభలేఖల వెనకవైపు కూడా రంగులు బాగా నిలుస్తాయి. శుభలేఖ మూలల్లో పసుపు ఉందని వెనకాడకండి. ఆ పసుపు చుక్కను సూర్యుడిని చేయని పిల్లవాడు అరుదు.

రంగుల్లోకి వద్దాం. చవక మైనపు క్రేయాన్లు కొన్ని ఎంత నొక్కినా రంగు దిగవు, పిల్లల చేయి నొప్పి పుడుతుంది. కొనే ముందు దుకాణంలోనే కాగితం మీద ఒక గీత గీసి చూడండి. ఒకటో తరగతికి లావు క్రేయాన్లు, రెండో తరగతికి ఆయిల్ పేస్టెల్స్ తీసుకోండి. పేస్టెల్ మెత్తన, కొంచెం ఆనిస్తే చాలు చిక్కటి రంగు పడుతుంది. మన ఎండలకు అది మరీ మెత్తబడుతుంది కాబట్టి రేకుల గదిలో కిటికీ పక్కన పెట్టకండి. తలకొక పెట్టె అని పంచవద్దు. ఒక మిఠాయి డబ్బాలో ఎర్రటివన్నీ, ఇంకోదానిలో పచ్చటివన్నీ పోయించి ఆరుగురి మధ్య పెట్టండి. నీ పెట్టె, నా పెట్టె అనే తగాదా సగం తగ్గుతుంది. తెచ్చుకోలేని పిల్లవాడు ఎవరో అందరికీ తెలిసే అవస్థా తప్పుతుంది.

పోస్టరు రంగులు పెద్ద సీసాలు కొనండి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు చాలు. తెలుపు, పసుపు త్వరగా అయిపోతాయి, వాటిని రెండేసి తీసుకోండి. ఆకుపచ్చ, నారింజ, ఊదా కొనకండి. పసుపులో నీలం పడగానే పచ్చగా మారడం మొదటిసారి చూసిన పిల్లల కేక పక్క తరగతికి వినబడాలి. రంగులు పోయడానికి పాత ఇడ్లీ ప్లేట్లను మించినవి లేవు. నాలుగు గుంటలు, నలుగురు పిల్లలు. ఒకసారి రంగు పోసిన ప్లేటును మళ్లీ వంటింట్లోకి మాత్రం రానివ్వకండి.

కుంచెల దగ్గర చాలామంది పొరబడతారు. చిన్న పిల్లలు కదా అని సన్నవి కొంటారు. సన్న కుంచె వెంట్రుకలు రెండు రోజుల్లో విచ్చుకుపోతాయి. 8 నుంచి 12 నంబరు దాకా బల్లపరుపు కుంచెలు డజను కొనండి, మిగతా పని స్పాంజి ముక్కలు చేస్తాయి. ఆటోనగర్‌లో బస్సు సీట్లు కుట్టే షెడ్ల వాళ్లను అడిగితే స్పాంజి తునకలు ఊరికే ఇస్తారు. కడిగిన కుంచెలను వెంట్రుకలు పైకి ఉండేలా డబ్బాలో నిలబెట్టడం పిల్లలకే అప్పజెప్పండి. స్కెచ్ పెన్నుల మీద ఒక్క రూపాయి కూడా వద్దు. మూత పోతే పెన్ను పోయినట్టే, మూత పోవడానికి ఒక పూట చాలు.

జిగురు కొననే కొనకండి. మైదా ఉడికించి చేసుకోండి. అట్టలు కట్టేవాళ్లు, పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల జిగురులో చిటికెడు కూడా పడకూడదు. ఏ రోజుకు ఆ రోజు చేసుకుంటే పురుగు పట్టే తీరిక దానికి ఉండదు. కుండలు చేసేవారి దగ్గర ఒక బుట్టెడు మెత్తటి మట్టి తెచ్చి తడి గోనె కప్పి ఉంచితే నెలల తరబడి పనికొస్తుంది. వినాయక చవితి దాకా ఆగనక్కరలేదు.

సామాను ఎక్కడ పెట్టాలో మీ పేట వాళ్లకు నేను చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు కింది అరల్లో ఉన్నవేవీ మిగల్లేదు. కాగితం పై అరలో, రోజూ వాడే రంగులు పిల్లల చేతికి అందే ఎత్తులో. ఆ అరకు తలుపు లేకపోతే ఇంకా మంచిది.

వేసిన బొమ్మలను తరగతి గదికి అడ్డంగా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించండి. బ్రిటన్ సాయంతో 1980లలో మన రాష్ట్రంలో మొదలైన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) రోజుల్లో పనిచేసిన పంతుళ్లకు ఈ తాళ్లు బాగా గుర్తుంటాయి. పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం ఆ పథకం ఆరు సూత్రాల్లో ఒకటి. పథకం 1990లలో ముగిసింది, తాళ్లు కూడా మెల్లగా మాయమయ్యాయి. బాగున్న నాలుగు బొమ్మలే ఎంచి తగిలిస్తే మాత్రం మిగతా 38 మందికి ఆ తాడు మార్కుల జాబితాలా కనిపిస్తుంది. తగిలిస్తే అందరివీ తగిలించండి.

ప్రశ్న: మా అపార్టుమెంటు వాసులమంతా కలిసి మా పిల్లల పుట్టినరోజుల సందర్భంగా దగ్గరలోని అంగన్‌వాడీకి కార్టూన్ బొమ్మల రంగుల పుస్తకాలు, 24 స్కెచ్ పెన్నుల సెట్లు ఇవ్వాలనుకుంటున్నాం. భవనానికి రంగులు వేయించగా మిగిలిన పెయింటు డబ్బాలు కూడా ఉన్నాయి. అవి పిల్లలకు పనికొస్తాయా?
– ఒక అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, పటమట, విజయవాడ

జవాబు: పెయింటు డబ్బాలు వద్దు. ఎనామిల్ రంగు చేతికంటితే కిరసనాయిలుతోనో టర్పెంటైన్‌తోనో కడగాలి, మూడేళ్ల పిల్లల చేతులు రుద్దాల్సిన ద్రవాలు కావవి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన వచ్చింది. మీ స్టోరు గదిలో అంతకు ముందటి డబ్బాలు ఉంటే వాటిని ఎవరికీ ఇవ్వకండి. కొత్త ఎమల్షన్ అయినా గోడకోసం చేసినది. బూజు పట్టకుండా అందులో మందులు కలుపుతారు. వేలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అది తగదు. మీరు కొనే రంగుల పెట్టె మీద విషరహితమని, ఏ వయసు వారికో స్పష్టంగా రాసి ఉందా అని చూడండి. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కాబట్టి రంగులతో పాటు బొమ్మలో అచ్చులో కలిపి అమ్మే సెట్ల మీద ఆ గుర్తు వెతకండి. మంచి వాసన వచ్చే రంగులు అసలే వద్దు. స్ట్రాబెరీ వాసన వేసేదాన్ని పిల్లవాడు కొరికి చూడడా?

రంగుల పుస్తకం గురించి నా అభిప్రాయం అందరికీ తెలిసిందే, అయినా అడిగారు కాబట్టి మళ్లీ చెబుతాను. ఎవరో గీసిన ఏనుగుకు గీత దాటకుండా బూడిదరంగు నింపడం చేతికి మంచి కసరత్తు. బొమ్మ మాత్రం పిల్లవాడిది కాదు. ఆ పుస్తకంలోని నున్నటి ఏనుగును నెల రోజులు చూశాక, తన ఏనుగు గీయమంటే నాకు రాదంటాడు. మూడేళ్లప్పుడు తడుముకోకుండా గీసిన పిల్లలే ఐదేళ్లకు ఈ మాట అనడం నేను చాలా ఇళ్లలో విన్నాను. ఆ డబ్బుతో లావు క్రేయాన్లు, ఖాళీ తెల్ల కాగితాలు, రెండు బక్కెట్లు, చేతులు తుడుచుకోవడానికి పాత తువ్వాళ్లు ఇవ్వండి. అంగన్‌వాడీ టీచరు గారిని అడిగితే బక్కెట్లే ముందు కావాలంటారు. ఇచ్చాక ఆరు నెలలకు మళ్లీ వెళ్లి ఎంత అరిగిందో చూసి, అరిగినంత నింపండి. పుట్టినరోజుకు ఒక్కసారి ఇచ్చే పెద్ద పెట్టె కంటే ఇది బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. నీళ్లు గీసినప్పుడల్లా గోధుమరంగు, నలుపు కలిపి రుద్దుతాడు. నీళ్లు నీలంగా ఉంటాయని వాళ్ల టీచరు దిద్దించారు. ఇంటికి వచ్చి ఏడ్చాడు. వరదలో మా కింది ఇల్లు మునిగినప్పుడు వాడు చాలా చిన్నవాడు. మనసులో ఏదైనా భయం పడిందంటారా?
– ఒక తల్లి, పాయకాపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ బాబు చూసిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయో ఒకసారి తలుచుకోండి. బుడమేరు నీళ్లు నీలంగా వచ్చాయా? వరద రోజుల్లో బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కృష్ణమ్మ కూడా ఎర్రమట్టి కలిసిన గోధుమరంగులోనే దూకుతుంది. కళ్లతో చూసింది గీసిన పిల్లవాడిని, పుస్తకంలో అచ్చయిన నీలం వేయమని దిద్దించడం నాకు మింగుడుపడదు. టీచరు గారితో తగాదా పెట్టుకోకండి. బాబునే వెంటబెట్టుకుని వెళ్లి, వాడు చూసిన నీళ్ల గురించి వాడి నోటితోనే చెప్పించండి.

నలుపు గురించి తల్లుల నుంచి తరచూ ఉత్తరాలు వస్తాయి. తెల్ల కాగితం మీద అన్నిటికంటే గట్టిగా కనిపించేది నలుపు, పిల్లలు దాన్ని ఇష్టపడటానికి చాలాసార్లు అంతకు మించిన కారణం ఉండదు. ఒక్క బొమ్మలోని రంగును బట్టి పిల్లవాడి మనసు చెప్పేస్తామనేవారిని నమ్మకండి. నిద్రలో ఉలిక్కిపడటం, వాన పడితే బడికి వెళ్లనని మొండికేయడం, తిండి తగ్గడం లాంటివి ఉంటే అది వేరే సంగతి, పిల్లల వైద్యుడికి చూపించండి. లేకపోతే గీయనివ్వండి. పడవలో తెచ్చిన పులిహోర పొట్లాలు, డాబా మీద ఆరేసిన దుప్పట్లు, పైన తిరిగిన హెలికాప్టరు కూడా గీస్తాడేమో చూడండి.

ఇక్కడ సామగ్రి చిక్కు ఒకటుంది. 12 రంగుల పెట్టెలో గోధుమరంగు ఒక్కటే ఉంటుంది. మనుషులకు, చెట్లకు, కుక్కకు, మట్టికి, ఇప్పుడు మీవాడి నీళ్లకు అదే కావాలి. అన్నిటికంటే ముందు అరిగేది అదే. కొన్ని దుకాణాల్లో పేస్టెల్స్ విడిగా అమ్ముతారు, అడిగి రెండు గోధుమరంగువి తెచ్చిపెట్టండి. కలపడం నేర్పినా మంచిదే. ఎరుపు మీద పసుపు రుద్ది, పైన కొంచెం నీలం రుద్దమనండి. నీలం ఎక్కువ పడితే బురద, తక్కువ పడితే ఇటుక. మీ బాబుకు రెండూ పనికొస్తాయి.

ప్రశ్న: మా చిన్నప్పుడు బచ్చలి పండ్లు చిదిమి సిరా చేసుకునేవాళ్లం. సెలవులకు వచ్చిన మనవలచేత అలాంటి రంగులు చేయించాలని ఉంది. ఇంకా ఏమేమి వాడవచ్చు? మా అల్లుడు మిర్చి యార్డు నుంచి ఖాళీ గోనె సంచులు తెస్తానన్నాడు, వాటిని ముక్కలు చేసి బొమ్మలకు అంటించవచ్చా?
– ఒక అమ్మమ్మ, గోరంట్ల, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ సంచులను గడప దాటి రానివ్వకండి. మిరప టిక్కీ, అంటే మిరపకాయల మూట, విప్పిన గోనెను ఎంత దులిపినా నూగులో కారం ఉంటుంది. పిల్లలు ఆ చేత్తో కళ్లు నులుముకున్నారంటే మీ సెలవులన్నీ చల్లటి నీళ్లతో కళ్లు కడగడానికే సరిపోతాయి. గుంటూరు అల్లుడికి ఇది తోచకపోవడం విచిత్రమే. గోనె కావాలనుకుంటే బియ్యం కొట్టులో అడగండి.

బచ్చలి పండ్లు బ్రహ్మాండం. మీకు తెలిసిన దానికి కొన్ని కలుపుతాను. టేకు లేత ఆకు అరచేతుల మధ్య నలిపితే ఎర్రటి రసం వస్తుంది. శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, అందులో నిమ్మకాయ పిండితే ఊదారంగుకు తిరుగుతుంది. బొగ్గు ముక్క, ఇటుక ముక్క, తడిపిన నల్లరేగడి మట్టి ఎలాగూ ఉన్నాయి.

పిల్లలకు బాగా నచ్చేది పసుపు ఆట. కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. వంటసోడా కలిపిన నీళ్లలో దూదిపుల్ల ముంచి దాని మీద గీస్తే గీసినచోటల్లా ఎర్రబడుతుంది. నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు. పారాణికి మనం సున్నం కలుపుతాం కానీ, సున్నం కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలకు సోడాయే వాడండి. ఈ రంగులు ఎండకు వెలుస్తాయి, ముఖ్యంగా పసుపు. బొమ్మ పాలిపోయిందని మనవరాలు అడిగితే పెడన కలంకారీ సంగతి చెప్పండి. గుడ్డకు ముందు కరక్కాయ పట్టించి, పటిక వాడి రంగును పట్టి నిలిపే విద్య అది. బందరు వైపు ఎప్పుడైనా వెళితే అద్దకం షెడ్లు చూపించండి, కొయ్య అచ్చులు పిల్లలు చేత్తో తాకి చూడనీయండి.

చెట్టుదైనంత మాత్రాన ప్రతిదీ మంచిది కాదు. గన్నేరు, ఉమ్మెత్త దగ్గరికి పోనివ్వకండి. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి గింజ మీ ఇంట్లో ఏ డబ్బాలోనైనా మిగిలి ఉంటే దాన్ని తీసేయండి. దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. ఇల్లు గీస్తే గోడ ఉండగానే లోపల మంచం మీద పడుకున్న నాయనమ్మ కూడా కనిపిస్తుంది. వాళ్లమ్మ ఇంటికంటే పొడుగు. ఆకాశం పైన సన్నటి నీలం పట్టీ, కింద పచ్చ గీత, మధ్యలో అంతా ఖాళీ. తప్పులు దిద్ది మూడు నెలల్లో పోటీలకు తయారుచేస్తామని ఒక కోచింగు సెంటరు వాళ్లు అంటున్నారు. చేర్పించమంటారా? ఏ రంగులు కొనాలి?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు తప్పులని రాసిన ప్రతి ఒక్కటీ ఆరేళ్ల పిల్ల గీయాల్సిన పద్ధతే. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే పిల్లల బొమ్మల దశలను వయసుల వారీగా వివరించాడు. కింద నేలగీత, పైన ఆకాశపు పట్టీ, గోడలోంచి కనిపించే మనుషులు, ముఖ్యమైనవారు పెద్దగా ఉండటం, ఇవన్నీ ఈ ఈడులో వచ్చి వాటంతట అవే పోతాయి. నాయనమ్మ లోపల ఉందని పాపకు తెలుసు, అందుకే గీసింది. గోడ అడ్డమని నాయనమ్మను మానేయాలా?

అమ్మ ఎత్తు గురించి బెంగ ఉంటే ఒక ఆదివారం ఉండవల్లి గుహలకు తీసుకువెళ్లండి. పడుకున్న అనంతశయనుడు గదిని నింపేసి ఉంటాడు, చుట్టూ మిగతావారు చిన్నగా. ఆ శిల్పులనెవరూ కోచింగుకు పంపలేదు. కాగితాలు, అట్ట, పెన్సిలు తీసుకెళ్లి పాపను అక్కడే కూర్చోబెట్టి గీయనివ్వండి. ఫోనులో ఫోటో తీసి ఇంటికొచ్చాక చూసి గీయమనకండి.

కోచింగు విషయానికొస్తే, అక్కడ ఏం నేర్పుతారో చెబుతాను. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, ఒక పూరిల్లు, కొబ్బరిచెట్టు, మెలికలు తిరిగే ఏరు, నాలుగంకె లాంటి పక్షులు. బ్రాడీపేటలో నాలుగో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్ల ఆ పూరింటిని ఎన్నడూ చూసి ఉండదు. పోటీలన్నీ చెడ్డవని నేననను. కార్టూనిస్టు శంకర్ 1949లో ఢిల్లీలో మొదలుపెట్టిన బాలల చిత్రకళా పోటీకి ఎన్నో దేశాల పిల్లలు తమ బొమ్మలు పంపారు. పాపకు సరదా ఉంటే తను గీసినదాన్నే పంపండి, పెద్దల చేయి పడకుండా.

కొనాల్సినవి తక్కువే. 12 ఆయిల్ పేస్టెల్స్, మెత్తటి 2బి పెన్సిలు ఒకటి, విడి కాగితాలు. కుట్టిన డ్రాయింగు పుస్తకం కంటే విడి కాగితాలు నయం. పుస్తకంలో ఒక బొమ్మ పాడైతే పేజీ చింపాలన్న తాపత్రయం మొదలవుతుంది. రబ్బరు దాచేయండి. రబ్బరు చేతిలో ఉన్న పిల్ల గీసేది తక్కువ, చెరిపేది ఎక్కువ. నేలగీతకు, చెట్లకు ఆకుపచ్చ ముందుగా అయిపోతుంది, పెట్టె మొత్తం అయిపోయే దాకా ఆగకుండా ఆ ఒక్కటీ మళ్లీ కొనివ్వండి.

ప్రశ్న: బడిలో బొమ్మల క్లాసు ఉన్న రోజు పాప తెల్ల యూనిఫారం చూస్తే గుండె గుభేలుమంటుంది. మరకలు పోవడానికి ఏం చేయాలి?
– ఒక తల్లి, భవానీపురం, విజయవాడ

జవాబు: పోస్టరు రంగు అయితే ఆరకముందే చల్లటి నీళ్లలో నానబెట్టండి, చాలావరకు పోతుంది. వేడినీళ్లు వద్దు. క్రేయాన్, పేస్టెల్ మరకను ముందు చెంచా అంచుతో గీకి, గిన్నెలు తోమే సబ్బు రుద్ది, కాసేపాగి ఉతకండి. మరక ఉండగా ఇస్త్రీ చేస్తే మైనం కరిగి లోపలికి దిగుతుంది, ఇక వదలదు. అసలు మందు మీ వారి పాత చొక్కా. వెనకవైపు గుండీలు వచ్చేలా తిరగేసి తొడిగితే మోకాళ్ల దాకా కప్పుతుంది, చేతులు మడిచి పిన్నీసు పెట్టండి. ఆ చొక్కాను బడిలోనే ఒక కొక్కానికి తగిలించి ఉంచమని టీచరు గారిని అడగండి. మిగతా తల్లులు కూడా తలా ఒకటి పంపితే ఆ గంటకు ఎవరి యూనిఫారం గురించీ ఎవరూ అరవరు. ఉతకడానికి వేసే ముందు జేబులు మాత్రం మీరే వెతకండి. నచ్చిన రంగు ముక్కను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోని పిల్లలు ఉండరు, వాషింగ్ మెషీన్‌లో అది ఇంటిల్లిపాది బట్టలకూ అంటుకుంటుంది.